తెరపై దొరికిన అడవి

ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో మాబు అనే కొండ ఉంది. ఎత్తు దాదాపు 1,700 మీటర్లు. దాని వాలుల్లో సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర దట్టమైన వర్షారణ్యం పరుచుకుని ఉంది. 2005 వరకు శాస్త్రలోకానికి ఈ అడవి సంగతే తెలియదు. లెక్కలో లేని అడవిని కాపాడాలని అడిగేవారూ ఉండరు.

బ్రిటిష్ శాస్త్రవేత్త జూలియన్ బేలిస్ అప్పట్లో పొరుగు దేశం మలావిలో పనిచేసేవారు. అక్కడి కొండల మీద ఉన్నలాంటి అడవులు సరిహద్దు అవతల కూడా ఉండొచ్చని ఆయనకు అనిపించింది. ఎత్తైన కొండలు మేఘాలను అడ్డుకుని తేమను నిలుపుతాయి కాబట్టి, అలాంటి కొండల కోసం గూగుల్ ఎర్త్‌లో వెతికారు. మాబు దగ్గర ముదురు ఆకుపచ్చ మచ్చ కనిపించింది.

గ్లోబ్ వెనుక ఏముంది?

డిజిటల్ గ్లోబ్ ఒకే ఫొటో కాదు. ఉపగ్రహాలు, విమానాలు వేర్వేరు రోజుల్లో తీసిన చిత్రాలను ముక్కలుగా అతికిస్తారు. కొండలు, లోయల ఎత్తుల సమాచారం మీద వాటిని దుప్పటిలా పరుస్తారు. ఆ ఎత్తుల్లో చాలా భాగం 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినవి. పక్కపక్క ముక్కల తేదీలు వేరైతే, ఒకచోట వానాకాలం, ఆ పక్కనే ఎండాకాలం కనిపించవచ్చు.

పైగా ఆకుపచ్చగా ఉన్నదల్లా అడవి కాదు. తేయాకు తోట కావచ్చు, యూకలిప్టస్ తోట కావచ్చు. అందుకే కొండకు వెళ్లి చూడాల్సి వచ్చింది. 2008లో లండన్‌లోని క్యూ ఉద్యానవనం ఆధ్వర్యంలో శాస్త్రవేత్తల బృందం మాబు అడవిలో పరిశోధించింది. అక్కడ జరిగిన అన్వేషణల్లో అప్పటివరకు నమోదు కాని సీతాకోకచిలుకలు, ఊసరవెల్లులు, ఒక విషసర్పం బయటపడ్డాయి.

స్థానికులకు మాత్రం ఆ అడవి కొత్త కాదు. 1992లో ముగిసిన అంతర్యుద్ధ కాలంలో వారు అందులోనే తలదాచుకున్నారు. బేలిస్ 2012లో ఇదే పద్ధతిలో గుర్తించిన లికో కొండదీ అలాంటి కథే. చుట్టూ నిట్టనిలువు రాతిగోడలున్న ఆ కొండపైకి 2018లో తాళ్లతో ఎక్కిన బృందానికి పాతకాలపు మట్టికుండలు కనిపించాయి.

మన ఊరి చెరువు

ఇలా వెతికే అవకాశం మనకూ ఉంది. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్‌ను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడుపుతోంది. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలూ చూడొచ్చు.

మీ ఊరి చెరువును వెతికి చూడండి. ముందు చిత్రం తేదీ గమనించండి. ఒకే నెలలో, వేర్వేరు సంవత్సరాల్లో తీసిన చిత్రాలను పోల్చండి. నీటి అంచు లోపలికి జరిగినట్టుంటే అది వానలు లేకనా, పూడిక వల్లనా, ఆక్రమణ వల్లనా అన్నది చిత్రం ఒక్కటే తేల్చలేదు. గట్టు మీదికి వెళ్లి చూడాలి, ఆ చెరువు కింద సాగు చేసిన పెద్దలను అడగాలి.