కంబళి, రజాయి, రగ్గు

అనకాపల్లిలో శీతకాలం మనలను అంతగా బాధింపదు. ఒక ముతక దుప్పటితో రాత్రి గడచిపోతుంది. కాని నర్సీపట్నం దాటి ఘాటురోడ్డు ఎక్కి లంబసింగి చేరినవారికి చలి అంటే ఏమిటో తెలుస్తుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గ్రామంలో డిసెంబరు, జనవరి నెలల వేకువజామున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగిన సందర్భాలు ఉన్నవి. చింతపల్లి, పాడేరు ప్రాంతాలలోను చలి తీవ్రమే. శీతకాలం రాగానే సేవాసంఘాలు, కళాశాలల విద్యార్థులు మన్యంలో రగ్గులు పంచడం పరిపాటి. అయితే కొనేటప్పుడు మనం చూచేది రంగు, ధర, బరువు మాత్రమే. వెచ్చదనాన్ని పరీక్షించేవారు అరుదు. ఆ పరీక్ష ఎట్లో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఒక శాస్త్రవిషయం గుర్తుంచుకోవలెను. ఏ దుప్పటీ వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది మన శరీరం. దానిని బయటకు పోనీయకుండా ఆపేది దుప్పటి పోగుల నడుమ చిక్కుకొన్న గాలి. కదలని గాలి మంచి ఉష్ణబంధకం. నీరు గాలికన్నా ఇంచుమించు 25 రెట్లు అధికంగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుచేతనే తడిసిన దుప్పటి ఎంత మందమైనా చలిని ఆపలేదు. దుప్పటిని ఎన్నుకోవడంలోను, కాపాడుకోవడంలోను ఉన్న కిటుకంతా ఆ గాలిని నిలుపుకోవడమే.

ఉన్నిపోగు సహజంగా వంకరలు తిరిగి ఉంటుంది. నలిపినా తిరిగి లేస్తుంది, గాలిని వదలదు. తన బరువులో మూడవ వంతు వరకు తేమను పీల్చుకొన్నా తడిగా తోచదు. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు దక్కనీ గొర్రెల నల్లని ముతక ఉన్నితో నేసే గొంగళికి ఈ గుణాలన్నీ ఉన్నవి. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసే ఆ గొంగళి కాపరికి చలిలో కప్పు, వానలో గొడుగు. అది ఒంటికి గరుకుగా ఉండడం నిజమే. లోపల పలుచని నూలు దుప్పటి ఉంచుకొంటే ఆ బాధ తీరుతుంది. రెండింటి నడుమ మరికొంత గాలి నిలిచి వెచ్చదనమూ పెరుగుతుంది.

రజాయి సంగతి వేరు. అందులో గాలిని పట్టి ఉంచేది దూది. కొన్నేళ్ళకు దూది అణగి గడ్డకడుతుంది. అప్పుడు దానిని పారవేయనక్కరలేదు. విప్పి, ఏకించి, తిరిగి కుట్టిస్తే మళ్ళీ వెచ్చనవుతుంది. ఈ విద్యయే వృత్తిగా గలవారు గనుక మన తెలుగు ముస్లిములలో ఒక వర్గానికి దూదేకులవారని పేరు వచ్చినది. వింటినారిని కొయ్యగూటంతో మీటుతూ వారు చేసినది, అణగిన దూదిలోనికి గాలిని తిరిగి ప్రవేశపెట్టడమే. నేడు ఆ పనిని చాలచోట్ల యంత్రాలు చేస్తున్నవి.

ఇక అంగడి రగ్గులు. చరిత్ర విద్యార్థులకు మూడు యుద్ధాల వలన పరిచితమైన పానిపట్టు, పాత ఉన్ని దుస్తులను పీచుగా మార్చి నేసిన చౌక రగ్గులకు కూడ ప్రసిద్ధి. వీటి పోగులు పొట్టివి గనుక త్వరగా రాలుతవి. ఇటీవల పాలియెస్టర్ దుప్పట్ల వాడుక పెరిగినది. అవి తేలిక, మెత్తన, త్వరగా ఆరుతవి. కాని నిప్పురవ్వ పడితే కరగి చర్మానికి అంటుకొంటవి. నెగడు ప్రక్కన నిదురించేవారికి ఇది సామాన్యమైన ప్రమాదం కాదు. ఉన్ని అంత సులభంగా అంటుకోదు.

కొనేటప్పుడు మూడు పరీక్షలు చాలును. రగ్గును పిడికిట బిగించి వదలండి. వెంటనే పొంగితే మంచిది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేతలో సందులు కనబడితే గాలి నిలువదు. అంచునుండి ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద పొడి అవుతుంది. నూలు కాగితంవలె మండుతుంది. పాలియెస్టర్ కరగి గట్టి పూసవలె అవుతుంది.

సంరక్షణ కష్టమైనది కాదు. ఉన్నిని వేడినీట ఉతికినా, బండపై బాదినా పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని కుంచించుకుపోతుంది. చన్నీటిలో కుంకుడు రసంతో మెల్లగా పిసికి, పిండకుండా, పరచి ఆరవేయవలెను. ఉన్నిని కొరికేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, మురికి ఉన్నచోటనే అది ఎక్కువగా చేరుతుంది. కనుక శుభ్రపరచి, ఎండబెట్టి, దులిపి దాచవలెను. "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అన్న సామెత దుప్పట్ల విషయంలో పనికిరాదు. నెలకొకమారైనా వాటిని ఎండకు చూపవలెను.

పెట్టెలలో కలరా ఉండలు వేసే అలవాటున్నవారు ఒక హెచ్చరికను మరువరాదు. జి-6-పి-డి అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులను ఆ ఉండలతో దాచిన బట్టలలో చుట్టితే ఎర్ర రక్తకణాలు పగిలి, తీవ్రమైన కామెర్లు రావచ్చును. ప్రాణాపాయం కూడ కలుగవచ్చును. పసిపిల్లల దుప్పట్లలో వాటిని ఎన్నడూ ఉంచరాదు.

చివరగా దాతలకు, కళాశాల కార్యవర్గానికి ఒక మనవి. శరీరం బరువుకు అణగిన పరుపులో గాలి నిలువదు గనుక నేలచలి క్రిందినుండి లాగుతుంది. మన్యంలో పంచేటప్పుడు పైన కప్పుకొనే రగ్గుతోపాటు క్రింద పరచుకొనేందుకు ఒక మందపాటి చాప కూడ ఇవ్వడం మేలు. అదే సొమ్ముతో నూరుమందికి పలుచని రగ్గులిచ్చి ఛాయాచిత్రం తీయించుకోవడంకన్నా, అరవైమందిని తెల్లవారువరకు వెచ్చగా నిద్రింపజేయడం ఉత్తమమైన దానం.