డి.టి.పి. పనికి ఏ కంప్యూటర్ కొనాలి?

డిజైనింగ్ షాపు పెట్టుకోవాలనుకునే తమ్ముళ్ళు ప్రతి ఏడూ మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. డి.టి.పి., ఫ్లెక్సీ, ఆఫ్‌సెట్ పనుల్లో ఉన్న పూర్వ విద్యార్థులం మాకు తెలిసినంతవరకు రాస్తున్నాం.

మన హాస్టల్ పిల్లలు రొక్కం చేతబట్టుకుని షాపుకెళ్ళేవాళ్ళు కారు. కార్పొరేషన్ లోనో, అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసిన అప్పో ఆధారం. కంప్యూటర్ పనికొచ్చినా రాకున్నా కిస్తీ ఆగదు. కాబట్టి కొటేషన్‌లో ఏముండాలో షాపువాడికి వదిలెయ్యకండి. గ్రాఫిక్స్ అనే మాట వినగానే అతను ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు రాస్తాడు. దాని అవసరం ఎక్కువగా గేములకు, 3డి పనికి, వీడియోలకు. పెళ్ళికార్డు, కరపత్రం, ఫ్లెక్సీ చేయడానికి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మొదట్లో సరిపోతుంది. ఒక్కటి చూసుకోండి, ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో ఆ సౌకర్యం ఉండదు.

మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టండి. లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని ఫోటోషాప్‌లో అంగుళానికి 100 పిక్సెళ్ళ చొప్పున తెరిస్తే 12,000 × 7,200, అంటే 8.64 కోట్ల పిక్సెళ్ళు. సి.ఎం.వై.కె.లో ఒక్కోదానికి 4 బైట్లు. పూర్తి సైజు లేయరు ఒక్కటే సుమారు 345 ఎం.బి. పది లేయర్లయితే మూడున్నర జి.బి. ఊరి నాయకులందరి ఫోటోలూ పెట్టమంటే పదితో ఆగుతాయా! 16 జి.బి.కి తగ్గొద్దు, ఇంకో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంచుకోండి. విండోస్, సాఫ్ట్‌వేర్లు ఎస్.ఎస్.డి.లో ఉండాలి. చేసిన జాబులు వేరే హార్డ్ డిస్కులో కూడా దాచండి. తేదీ మార్చి ఇమ్మని పార్టీ వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు.

మానిటర్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఐ.పి.ఎస్. ప్యానెల్, ఎస్.ఆర్.జి.బి. రంగులు 100 శాతానికి దగ్గరగా చూపేది తీసుకోండి. అయినా తెర వెలుగుతో రంగు చూపుతుంది, కాగితం సిరాతో చూపుతుంది. ఏప్రిల్ 14 జయంతి ఫ్లెక్సీలో తెరమీద మెరిసే నీలం అచ్చులో వంకాయరంగుకు తిరుగుతుంది. సయాన్ 100 ఉంటే మెజెంటా 70 దాటనివ్వకండి, నీలం నీలంగానే పడుతుంది. పార్టీ గొడవపడి డబ్బు ఎగ్గొట్టేది ఎక్కువగా ఈ రంగు దగ్గరే.

సికింద్రాబాద్ సి.టి.సి.లాంటి చోట్ల ఆఫీసుల్లో వాడిన సిస్టంలు చవకగా దొరుకుతాయి. తప్పులేదు గానీ, ప్రాసెసర్ ఏ తరానిదో అడగండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఆపైవే పనికొస్తాయి.

తెలుగు విషయంలో, మీరు పని ఇవ్వబోయే ప్రెస్‌లో ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫాంట్లు వాడుతున్నారో కొనకముందే కనుక్కోండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అవతల అదే ఫాంటు లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. కోరల్‌లో కర్వ్స్‌గా మార్చి ఫైలు ఇవ్వండి, మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి, లేకుంటే వత్తులు చెదురుతాయి.

యు.పి.ఎస్. కూడా కొటేషన్‌లోనే రాయించండి. అది కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసి సిస్టం ఆపడానికే. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, ఆ లోడుకు తట్టుకోలేదు.