ఆటకు ఇంజను - అభిమానికి ఆశ

వీడియో గేములను గూర్చి మాటలాడువారు తరచుగ 'ఇంజను' అను పదమును వాడుచుందురు. ఇది పొగ విడుచు యంత్రము కాదు. కంప్యూటరు ప్రోగ్రాముల సముదాయము. నాటకమునకు రంగస్థలము, తెరలు, దీపములు ఎట్టివో, ఆటకు ఇంజను అట్టిది. దృశ్యమును చిత్రించుట, వెలుగునీడలను లెక్కగట్టుట, విసరిన రాయి నేలపై బడునట్లు చేయుట దాని పనులు. కథయు, పాత్రలును మాత్రము రచయితలు, చిత్రకారులు సమకూర్చవలసినవే.

తెర వెనుక నుండు ఈ సాధనమును గూర్చి ఆడువారికి ఇంత పట్టుదల యెందుకు? పోలండు దేశమున వార్సా నగరమందలి సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ చరిత్ర ఇందుకు సమాధానము చెప్పగలదు. ఆంద్‌జెయ్ సప్‌కోవ్‌స్కి రచించిన రాక్షసవేటగాని కథల నాధారముగ గొని వారు నిర్మించిన 'ది విచర్' 2007లో వెలువడెను. దానికి కెనడాకు చెందిన బయోవేర్ సంస్థవారి అరోరా ఇంజనును తీసికొని, చాల మార్చి వాడిరి. 2011లో వచ్చిన రెండవ భాగమునకు రెడ్ ఇంజనను స్వంత సాధనమును నిర్మించుకొనిరి. దాని తరువాతి రూపముపై వెలసి, 2015 మే 19న విడుదలయిన మూడవ భాగము లోకమంతట కీర్తి గడించెను.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఇంజనును, ఆటను ఏకకాలమున నిర్మించుట ఆ రెండు కార్యములను ఒకే ముహూర్తమున తలపెట్టుట వంటిది. పలుమార్లు వాయిదాపడి 2020 డిసెంబరు 10న విడుదలయిన 'సైబర్‌పంక్ 2077' ఆటను 80 లక్షలమంది ముందుగనే కొనియుండిరి. పాత యంత్రములపై అది సరిగా నడువలేదు. వారము దాటగనే సోనీ సంస్థ దానిని తన ప్లేస్టేషన్ దుకాణమునుండి తొలగించెను. 2021 జూనులో గాని మరల చేర్చలేదు. లోపములన్నిటికి ఇంజనే కారణమనుట న్యాయము కాదు. కాని స్వంత సాధనమును పోషించుట ఎంత భారమో అందరికి తెలిసివచ్చెను.

2022 మార్చి 21న ఆ సంస్థ, క్రొత్త 'విచర్' ఆటను ఎపిక్ సంస్థవారి అన్‌రియల్ ఇంజను 5పై నిర్మింతుమని ప్రకటించెను. ఈ సాధనము నెరిగిన పనివారు దేశదేశములందు దొరకుదురు. ప్రతి చిన్న పరికరమును తామే చేసికొననక్కరలేదు. అయినను అభిమానులకు రెండు భయములు కలవు. అందరి ఆటలును ఒకే పోలిక వచ్చునేమో యనునది మొదటిది. విశాల ప్రదేశమున గుఱ్ఱముపై పోవునపుడు, ముందు రానున్న అడవిని, ఊరిని యంత్రము క్షణక్షణము సిద్ధపరచవలెను; అది ఆలస్యమయినచో బొమ్మ తడబడును. ఈ యింజనుపై వచ్చిన కొన్ని ఆటలందు ఇట్టి తడబాటు కనబడియున్నది. ఇది రెండవ భయము.

2024 డిసెంబరులో సిరి అను యువతి నాయికగ 'విచర్ 4' ప్రకటితమయ్యెను. 2025 జూనులో సాధారణ ప్లేస్టేషన్ 5పై సెకనుకు 60 చిత్రముల వేగమున ఒక ప్రదర్శనము చూపిరి. అది సాంకేతిక ప్రదర్శనమే గాని ఆట కాదని నిర్మాతలే చెప్పిరి. ఈ భేదమును గుర్తెరుగుట ముఖ్యము. ఇంజను పేరు మంచి ఆటకు హామీపత్రము కాదు. చూపినది ఏ యంత్రముపై నడచినది, ఆడువాని చేతిలో నడచినదా అని విచారించి పిదప సొమ్ము చెల్లించుట అభిమానికి క్షేమము. నిర్మాతకును అదియే మేలు.