‘ఈవ్ టీజింగ్’ అనే మాట ఏం దాస్తోంది?

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లోనూ మగ పెత్తనం ఉంది. ‘మాస్టర్’ అంటే యజమాని, నిపుణుడు. దాని స్త్రీరూపం ‘మిస్ట్రెస్’కు ఉంపుడుగత్తె అనే అర్థం స్థిరపడింది. మన దేశంలో వాడుకైన ‘ఈవ్ టీజింగ్’ మరీ ప్రమాదకరం. అది లైంగిక వేధింపును ఆటపట్టించడంగా మార్చేస్తుంది. అందుకే 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన కరదీపిక, దాని బదులు ‘వీధుల్లో లైంగిక వేధింపు’ అనమంది.

దళిత స్త్రీల విషయంలో ఇది మాటల పట్టింపు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో జరిగిన సవరణ ప్రకారం, ఆమె కులం తెలిసి ఎస్సీ, ఎస్టీ కానివాడు లైంగిక స్వభావం గల మాటలనడం, సైగలు చేయడం కూడా నేరమే. ఫిర్యాదులో ‘టీజింగ్’ అని రాస్తే ఆ నేరం అల్లరిగా కుదించుకుపోతుంది. ఏ మాట అన్నాడో, ఏ సైగ చేశాడో, కులం తెలుసో లేదో జరిగింది జరిగినట్టు రాయిద్దాం.