కొండ గుర్రానికి రక్తం పట్టేదెలా?

అల్లూరి సీతారామరాజు జిల్లాలో జీపు చేరలేని కొండ శిఖర గ్రామాలు ఇంకా ఉన్నాయి. రేషన్ బియ్యం పైకి ఎక్కాలన్నా, కాఫీ గింజలు, మిరియాలు, పసుపు సంతకు దిగాలన్నా అక్కడ కొన్ని కుటుంబాలకు గుర్రమే దిక్కు. బస్తాలు మోస్తూ ఏటవాలు బాటలో అంతగా రొప్పకుండా ఎక్కే గుర్రాన్ని చూస్తే ‘దీనికి మంచి రక్తం పట్టింది’ అనిపిస్తుంది. ఆ మాట నిజమే. అయితే రక్తం పట్టడమంటే చిక్కబడటమని చాలామంది నమ్మకం. చిక్కదనాన్ని బట్టి బలాన్ని కొలిస్తే పనికి అలవాటు పడుతున్న గుర్రం రోగిష్టిదిలా, నీరసించిన గుర్రం దిట్టమైనదానిలా కనిపిస్తుంది. సాధనతో గుర్రంలో పెరిగేది మొత్తం రక్తం. అందులోనూ ముందు పెరిగేది నీటి భాగం.

గుర్రం రక్తాన్ని గడ్డకట్టకుండా మందు కలిపిన గాజు గొట్టంలో నిలబెట్టి చూస్తే సంగతి కంటికే తెలుస్తుంది. దాని ఎర్ర కణాలు ఒకదానికొకటి అతుక్కుని చాలా జంతువుల కణాలకంటే త్వరగా, గంటలోపే, అడుక్కి దిగిపోతాయి. పైన పసుపుపచ్చని ప్లాస్మా, అంటే ఆ నీటి భాగం, తేరుకుంటుంది. ల్యాబులో యంత్రంతో తిప్పి కొలిస్తే, నెమ్మదిగా నిలుచున్న గుర్రంలో ఈ కణాల వాటా సాధారణంగా 32 నుంచి 45 శాతం మధ్య ఉంటుంది. దౌడు తీసి ఆగిన రేసు గుర్రంలో అది 60 శాతం దాటుతుంది. నిమిషాల్లో అన్ని కణాలు కొత్తగా పుట్టలేవు కదా! అవి ప్లీహంలోంచి వస్తాయి. గాదెలో ధాన్యం దాచినట్టు గుర్రం తన ఎర్ర కణాల్లో దాదాపు మూడో వంతును, ఒక్కోసారి అంతకంటే ఎక్కువను, ప్లీహంలో నిల్వ చేసుకుంటుంది. అడ్రినలిన్ పారగానే ప్లీహం ముడుచుకుని వాటిని రక్తంలోకి వదులుతుంది. పరుగే అక్కర్లేదు, సూది చూసి బెదిరినా అంకె పెరుగుతుంది. ఏ స్థితిలో తీశారో తెలియని రక్తపు రిపోర్టు చూసి గుర్రం సత్తా తేల్చడం కుదరదు.

ఇక సాధన సంగతి. పని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొదటి ఒకటి రెండు వారాల్లోనే శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుని ప్లాస్మాను పెంచుతుంది. ఆ దశలో హిమోగ్లోబిన్ కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. అది రక్తహీనత కాదు, కణాలు తగ్గకుండానే నీరు పెరిగిందంతే. ఆ తర్వాత నెలల తరబడి ఎర్ర కణాల మొత్తం పెరుగుతుంది. అందులో చాలా భాగం ప్లీహంలోనే ఉంటుంది కాబట్టి విశ్రాంతి వేళ తీసిన అంకె పెద్దగా కదలదు. రక్తం ఎక్కువైనకొద్దీ గుండె ఒక్కో దెబ్బకు పంపేదీ పెరుగుతుంది, ఒంటిని చల్లబరిచే చెమటకు నీరు చాలుతుంది, అదే బరువు మోసినప్పుడు రక్తంలో పేరుకునే ల్యాక్టేట్ తగ్గుతుంది. అదే కణాలు పెరగకుండా నీరు మాత్రమే ఇంకిపోతే రక్తం చిక్కబడుతుంది, అంకె బాగా కనిపిస్తుంది. ఆ గుర్రం మాత్రం దాహంతో నీరసించి ఉంటుంది.

ఇవన్నీ ఎక్కువగా రేసు గుర్రాల మీద తేలిన విషయాలు, మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తే థరోబ్రెడ్‌కూ బస్తా మోసే పొట్టి గుర్రానికీ పోలికేమిటని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పొట్టి జాతుల్లో శరీర బరువుతో పోలిస్తే రక్తమూ తక్కువే, ఎర్ర కణాల వాటా కూడా తక్కువే. అందువల్ల రేసు గుర్రపు కొలతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న కొండ గుర్రం కూడా రక్తహీనతతో ఉన్నట్టు తోస్తుంది. కానీ ప్లీహం చేసే పని, ప్లాస్మా పెరిగే తీరు రెంటికీ ఒకటే. కొండగాలికే రక్తం పడుతుందనేది మరో వాదన. అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు. రక్తాన్ని పెద్దగా మార్చేంత ఆక్సిజన్ లోటు అక్కడ లేదు. పుట్టినప్పటి నుంచీ మోస్తున్నదానికి వేరే సాధన ఎందుకన్నదానికీ జవాబుంది. రోజూ మోసే గుర్రానికి ఆ మోతే సాధన. చాలాకాలం కట్టేసి ఉంచి, కాఫీ కోతల కాలం రాగానే ఒక్కసారిగా నిండు బరువు ఎత్తితే వస్తుంది చిక్కు. రెండు వారాలు తిప్పగానే రక్తం కొంత సిద్ధమవుతుంది, రొప్పు తగ్గుతుంది. ఎముకలూ స్నాయువులూ గట్టిపడటానికి మాత్రం నెలలు కావాలి. రొప్పడం లేదు కదా అని బస్తా మీద బస్తా వేస్తే ముందు కాళ్లు దెబ్బతింటాయి.

నిజంగానే రక్తం తగ్గిందంటే, ముందుగా వెతకాల్సినవి జోరీగలు మోసుకొచ్చే సర్రా, పిడుదుల వల్ల వచ్చే బబేసియా, పేగుల్లో పురుగులు. గుర్రాల్లో ఇనుము లోపం అరుదు. బలానికని ఇనుము ఇంజక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగురు తెల్లగా పాలిపోయినా పశువైద్యుడికి చూపించాలి. పనిచేసే గుర్రానికి మేత, ఉలవలతోపాటు రోజూ ఉప్పు, కావలసినంత నీరు పెట్టండి. పశుసంవర్ధక శాఖ పాడేరు, హుకుంపేట, అరకు సంతల దగ్గరే కాఫీ కోతలకు ముందు గుర్రాల రక్తం పరీక్షించే ఏర్పాటు చేయాలి. గుర్రాలు ఎలాగూ సంతకు దిగుతాయి, డాక్టరు అక్కడికి వస్తే చాలు.