లెక్క చూచుట అనుమానమా?

మార్చి 31 దాటగానే చాలా సంఘములలో ఒక ప్రశ్న వస్తుంది. ఈ ఏడు లెక్కలు ఎవరు చూస్తారు? ఆ మాట వినగానే కొందరి ముఖములు చిన్నబోతాయి. దేవుని సొమ్ముకు తనిఖీ ఏమిటని కొందరు, ఇన్నేండ్లు లేని అనుమానము ఇప్పుడెందుకని మరికొందరు అంటారు. ప్రియ చదువరులారా, మేమును ఒకప్పుడు అలాగే అన్నవారమే.

కొన్ని సంవత్సరముల క్రితము మేము మూడు పల్లె సంఘములున్న ఒక పాస్టరేటులో సేవ చేశాము. అక్కడి కోశాధికారి రిటైరైన ఉపాధ్యాయుడు, ప్రార్థనాపరుడు. పందొమ్మిదేండ్లుగా కానుకల సంచి ఆయన చేతిలోనే ఉన్నది. ఒక వార్షిక సమావేశములో ఒక యౌవనస్థుడు లేచి, బయటివారి చేత లెక్కలు చూపించాలని కోరాడు. ఆ రాత్రి పెద్దాయన మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఈ వయసులో నన్ను దొంగను చేస్తారా?" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. మాకును ఆ పిల్లవాని మీద కోపము వచ్చింది. కాని కమిటీ తీర్మానించినందున కాదనలేకపోయాము.

పొరుగు పాస్టరేటు నుండి బ్యాంకులో పనిచేసి రిటైరైన సహోదరుడొకరు వచ్చి రెండు రోజులు కూర్చున్నారు. రసీదు పుస్తకముల నంబర్లు వరుసగా ఉన్నవో లేవో చూశారు. కౌంటర్‌ఫాయిలును క్యాష్ బుక్‌తోను, క్యాష్ బుక్‌ను బ్యాంకు పాస్ బుక్‌తోను సరిపోల్చారు. ప్రతి ఖర్చుకు ఓచరు అడిగారు. చేతిలోని నగదు లెక్కపెట్టారు. పెద్దాయన లెక్క రూపాయితో సహా సరిపోయింది.

తేడా మా దగ్గర దొరికింది.

కోత పండుగ వేలములో వచ్చిన 6,200 రూపాయలు ఆ రాత్రి ఒక కవరులో పెట్టి మా చేతికిచ్చారు. కొంత ఒక విధవరాలి ఆస్పత్రి ఖర్చుకు ఇచ్చాము. మైకు బాగుచేయించాము. బస్సు చార్జీలైనవి. మిగిలినది ఎటు పోయినదో మాకే జ్ఞాపకము లేదు. ఆస్పత్రి బిల్లు ఒక్కటే దొరికింది, అది 3,800 రూపాయలు. మిగిలిన 2,400 రూపాయలకు ఒక్క కాగితమైనా లేదు. మేము ఆదివారము సంఘము ఎదుట నిలిచి ఆ సంగతి చెప్పి, నెలకు 600 చొప్పున నాలుగు నెలలు మా జీతములో నుండి కట్టాము. ఆ రోజు మా మెడలు వంగినవి గాని ఆ తరువాత మా బోధకు బలము తగ్గలేదు.

ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము అప్పుడు మాకు క్రొత్తగా కనబడింది. రాజు దగ్గర సైనికులను అడుగుటకు సిగ్గుపడి, ఉపవాసముండి దేవుని కాపుదలనే కోరుకున్న విశ్వాసి ఎజ్రా. అయినను మందిరపు వెండి బంగారములను 12 మంది యాజకులకు తూచి అప్పగించాడు. యెరూషలేము చేరిన నాలుగవ దినమున మందిరములో వాటిని మరల తూచి, బరువంతయు వ్రాసిపెట్టారు. మోసికొని వచ్చినవారు వేరు, తూచి తీసికొన్నవారు వేరు. అక్కడ విశ్వాసము, తూనిక రెండును కలిసి నడిచినవి.

యోవాషు దినములలో పనివారికి డబ్బిచ్చిన మనుష్యులు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని 2 రాజులు 12:15 చూపేవారున్నారు. అయితే 10వ వచనము కూడ చదవాలి. పెట్టెలోని ద్రవ్యమును రాజు తరపు అధికారి, ప్రధానయాజకుడు కలిసి లెక్కపెట్టిన తరువాతనే అది పనివారి దగ్గరకు వెళ్లింది. పౌలు కూడ పరిశుద్ధుల కొరకైన చందాను ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంట పంపాడు. దేవుని దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యముగా ఉండవలెనని ఆయన కోరిక (2 కొరింథీ. 8:18-21).

కాబట్టి లెక్కలు చూచువాడు ఎవరై ఉండాలి? చెక్కు మీద సంతకము చేసేవాడు కాకూడదు. కోశాధికారి బావమరిది కాకూడదు, పాస్టరు బంధువు కాకూడదు, కమిటీ సభ్యుడును కాకూడదు. పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థల ఆదాయము చట్టము పెట్టిన పరిమితి దాటితే చార్టర్డ్ అకౌంటెంటు చేత ఆడిట్ చేయించుట తప్పనిసరి. ఆ పరిమితికి లోపలనున్న చిన్న సంఘమైనను, లెక్క తెలిసిన ఇద్దరిని పొరుగు సంఘము నుండి పిలుచుకొనవచ్చును. కానుకలు ఆరాధన అయిన వెంటనే ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరును సంతకము చేయాలి. మందిర నిర్మాణమునకు ఇచ్చినది జీతములకు వాడకూడదు. పిడికెడు బియ్యము అమ్మిన డబ్బు కూడ పుస్తకములోనికి రావాలి. ఈ దినములలో కానుకలు ఫోన్‌పేలో వస్తున్నవి. ఆ క్యూఆర్ కోడ్ సంఘపు ఖాతాదై యుండాలి గాని పాస్టరుగారి సొంత ఖాతాది కాకూడదు. రిపోర్టు బీరువాలో దాచక సంఘము ఎదుట చదివి వినిపించాలి.

పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాము. రిపోర్టు చదివిన సాయంత్రము ఆయన వచ్చి దాని నకలు ఒకటి అడిగారు. ఎందుకని అడిగితే, "నేను పోయిన తరువాత ఎవరైనా నా పిల్లలను ఏమైనా అంటే వాళ్లు చూపించుకోడానికి అయ్యగారూ" అన్నారు. మూడేండ్ల తరువాత ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయన ట్రంకు పెట్టెలో ఆ కాగితము మడత నలగకుండ ఉన్నదని ఆయన కుమార్తె మాకు చెప్పింది. పందొమ్మిదేండ్ల నమ్మకత్వమునకు మేమెవ్వరము ఇవ్వలేకపోయిన సాక్ష్యమును ఆయన అనుమానమని భయపడిన ఆ తనిఖీయే ఇచ్చింది.

ఈ సంవత్సరము మీ సంఘములో ఎవరైనా లేచి లెక్కలు చూపించమని అడిగితే కోపపడకండి. వారికి కుర్చీ వేయండి, పుస్తకములు తెచ్చి బల్ల మీద పెట్టండి. ప్రభువు మనలను నమ్మకమైన గృహనిర్వాహకులుగా నిలుపును గాక. ఆమేన్.