కారులోని ఎర్రదీపము

మోటారు కారు నడుపువారి ముందున్న పలకపై చిన్న బొమ్మ యొకటి కలదు. చూచినవారు దానిని అలాదీను దీపమందురు. నిజమునకది మూతి నుండి చుక్క జారుచున్న నూనెడబ్బా. తాళము త్రిప్పగనే ఎర్రగా వెలుగును. ఇంజను కదలిన రెండు మూడు సెకనులలో ఆరిపోవును. ఆరకున్నను, దారిలో మరల వెలిగినను జాగరూకత వహింపవలెను. పెట్రోలు ముల్లు అడుగంటినను ఇంకను కొన్ని మైళ్ళు పోవచ్చును. ఈ దీపము మాత్రము అట్టి గడువు నీయదు.

ఇంజనులోని ఆయిలు రాపిడిని తగ్గించునని అందరెరిగినదే. అది ఎట్లు జరుగునో తెలిపిన వృత్తాంతము మిక్కిలి రసవంతమైనది. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బ్యూచాంప్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, ఒక బేరింగు నడినెత్తిన రంధ్రము తొలిచెను. ఇరుసు తిరుగుచుండగా ఆ రంధ్రము నుండి ఆయిలు పైకుబికెను. బిరడా బిగించినచో దానిని సైతము నెట్టివైచెను. అంతట ఆయన అచ్చట గేజి నమర్చి చూడగా, బేరింగు మోయు సగటు బరువునకు రెండింతలు మించిన ఒత్తిడి కానవచ్చెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితరూపమున కారణము చూపెను. తిరుగుచున్న ఇరుసు ఆయిలును సన్నని సందులోనికి తానే ఈడ్చుకొనును. అందు పుట్టిన ఒత్తిడి ఇరుసును తేల్చి పట్టును. అప్పుడు లోహము లోహమును తాకదు.

అట్లయిన పంపు ఎందులకని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ఈడ్చుకొనుటకు అచ్చట ఆయిలుండవలెను గదా! బేరింగు అంచుల నుండి ఎడతెగక కారిపోవు ఆయిలునకు బదులు క్రొత్త ఆయిలు నందించుట, వేడిని మోసికొనిపోవుట పంపు పనులు. అది నిలిచిపోయిన పిమ్మట ఆ పొర చిరుగును, క్రాంకుషాఫ్టు బేరింగులను రాచుకొనును, తుదకు అవి కరగి అతుకుకొనును. మన షెడ్లలో "ఇంజను సీజైనది" అనుట దీనినే. ఇందుకు గంటలు పట్టవు, కొద్ది నిమిషములు చాలును. కారును అద్దెకు త్రిప్పి కుటుంబమును పోషించుకొను డ్రైవరునకు ఆ కొద్ది నిమిషములు ఎన్నో నెలల సంపాదనను హరించును.

దీపమును వెలిగించునది ఇంజను దిమ్మెకు బిగించిన చిన్న స్విచ్చి. ఒత్తిడి లేనపుడు అందలి స్ప్రింగు దీపపు తీగను ఇంజను లోహముతో కలుపును. ఒత్తిడి పెరిగినపుడు లోపలి పలుచని పొర స్ప్రింగును వెనుకకు నెట్టి ఆ సంబంధమును త్రెంచును. పెక్కు కార్లలో ఇది సుమారు 0.3 నుండి 0.5 బార్ వద్ద జరుగును. వేడెక్కిన ఇంజను వేగముగా తిరుగునపుడు 3, 4 బార్ల ఒత్తిడి సామాన్యము. అనగా దీపము వెలుగునప్పటికి ఉండవలసిన దానిలో పదియవ వంతు మాత్రమే మిగిలియుండును. "కొంచెము తగ్గినది కాబోలు, ఇల్లు చేరిన పిదప చూతము" అనుకొనుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

దీపము వెలిగిన వెంటనే కారును ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. సమతల ప్రదేశమున అయిదు పది నిమిషములు ఆగినచో ఆయిలు క్రిందికి దిగును. అప్పుడు డిప్‌స్టిక్కు తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. తక్కువైనచో తగిన రకము పోసి, ఎటు పోయినదో వెదకవలెను: అడుగు బోల్టు, ఫిల్టరు అంచు, గాస్కెట్లు చూడవలెను. వెనుక నీలిపొగ వచ్చుచున్నచో ఆయిలు లోపలనే కాలిపోవుచున్నది. మలుపులలో, బ్రేకు వేసినపుడు మాత్రమే దీపము మిణుకుమన్నచో సాధారణముగా మట్టము తగ్గినట్లే. ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగి పంపునకు అందకుండును.

మట్టము పెరిగి పెట్రోలు వాసన కొట్టినచో, పెట్రోలు కలిసి ఆయిలు పలుచబడినది. కార్బురేటరు గల పాతకార్లలో పెట్రోలు పంపు పొర చిరుగుట దీనికొక కారణము. పాలమీగడవలె కనబడినచో నీరు చేరినది. ఈ రెంటిలో ఏది కనబడినను ఇంజను కదిలింపరాదు.

మట్టము సరిగానే యున్నను దీపమారకున్నచో ఒక చిన్న పరీక్ష కలదు. ఇంజను ఆపియుంచి, తాళము మాత్రము త్రిప్పి, స్విచ్చి వద్ద తీగను ఊడదీయవలెను. దీపము అప్పటికిని వెలుగుచున్నచో తీగ ఎచ్చటనో ఒరసికొని కారు లోహమును తాకుచున్నది. ఆరినచో తీగ మంచిదే. దోషము స్విచ్చిలోనైనను ఉండవలెను, ఒత్తిడి నిజముగనైనను లేకుండవలెను. ఈ రెంటిని వేరుచేయు సాధనము గేజి. స్విచ్చిని విప్పి ఆ రంధ్రమున గేజి బిగించి, ఇంజను కొద్దిసేపు నడిపి చూచినచో సందేహము తీరును. ముల్లు కదలకున్న తక్షణమే ఆపివేయవలెను. కదలినచో ఇంజను వేడెక్కనిచ్చి, తయారీదారు పుస్తకములోని అంకెతో సరిపోల్చవలెను. గేజి చూడకనే ఇంజను విప్పుదమను మెకానిక్కును నేను నమ్మను.

వేడిలో, నెమ్మదిగా తిరుగునపుడు మాత్రమే ఒత్తిడి పడిపోయి, వేగము పెంచగా లేచినచో బేరింగులు అరిగియుండును, లేదా ఆయిలు పలుచనైనది. అన్ని వేగములలోను తక్కువైనచో మొదట ఒత్తిడిని అదుపు చేయు వాల్వును చూడవలెను. చిన్న మురికితునక అడ్డుపడి అది తెరచియుండుట కద్దు; కడిగిన బాగగును. పిమ్మట అడుగు తొట్టిని దించి, మడ్డి పట్టిన జల్లెడను శుభ్రపరచి, పంపు అరుగుదలను కొలువవలెను. కొందరు ఇవేవియు చేయక చిక్కని ఆయిలు పోసి దీపము నార్పుదురు. అది ఉదయపు చలిలో బేరింగులకు ఆలస్యముగా చేరును. అరుగుదల మరింత పెరుగును.

పాతకారు కొనబోవు విద్యార్థులకు ఇంకొక మాట. తాళము త్రిప్పి ఇంజను కదిలింపకుండ పలకను చూడుడు. ఆయిలు దీపము వెలుగకున్నచో సంతోషింపవద్దు. బల్బు మాడియుండవచ్చును, లేక అమ్మువారు తీగను తీసియుండవచ్చును. అది వెలిగి, ఇంజను కదలగనే ఆరిన పిదపనే ధర మాటలాడుడు.